పండుగ నాటి బ్యాండులో అందరికీ చోటుండాలి

ఆగస్టు 15 దగ్గర పడిందంటే మన హాస్టల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి గ్రౌండులో గడ్డి పీకడం. రెండోది స్టోర్ రూములోంచి బ్యాండు సామాన్లు దించడం. గడ్డి అందరి చేతా పీకిస్తారు. బ్యాండు మాత్రం పది పన్నెండు మందికే ఇస్తారు. మిగతావాళ్ళు ఉతికిన చొక్కాలు వేసుకుని లైన్లో నిలబడి చూడాలి.

మెస్ ఛార్జీలు, స్కాలర్‌షిప్పులు, విరిగిన బాత్రూము తలుపులు, ఇన్ని ఉండగా సావనీరులో బ్యాండు గురించి రాస్తావా అని నా రూమ్మేటు అడిగాడు. వాటి మీద రాసేవాళ్ళు మనలో ఉన్నారు, నాకన్నా బాగా రాస్తారు. బ్యాండు గురించి ఎవరూ రాయరు. ఏడాదిలో మన పిల్లలు ఊరి పెద్దల ముందు, ఆఫీసర్ల ముందు, తల్లిదండ్రుల ముందు తల ఎత్తుకుని నడిచే రోజులు మూడో నాలుగో ఉంటాయి. ఆ రోజు ఎవరి చేతిలో వాయిద్యం ఉంది, ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయి అన్నది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. మనం ట్యూను ఎంచుకునే పద్ధతిలో ఉంది. ఆ ఏడాది బాగా ఆడిన సినిమాలోని పాట ఒకటి పట్టుకుంటారు. ముఖ్య అతిథి మెచ్చుకోవాలి, పక్క ఊరి ప్రైవేటు స్కూలు వాళ్ళకన్నా మనది గట్టిగా ఉండాలి అని. పాట వేగంగా ఉంటుంది, స్వరాలు పైకీ కిందికీ గెంతుతుంటాయి. పదిహేను రోజుల్లో అది ఫ్లూటు మీద పలికించగలిగేది ఒకరిద్దరే. మిగతా ఫ్లూటు వాళ్ళను నాలుగో రోజే పక్కన కూర్చోబెడతారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పంద్రాగస్టుకు ఇలాగే జరిగింది. పెద్ద డ్రమ్ము నాది. రెండో చరణం దగ్గర ఫ్లూట్లు ఆగిపోయాయి. మేం డ్రమ్ములు కొడుతూనే జెండా చుట్టూ ఒక రౌండు తిరిగి వచ్చాం. చప్పట్లు బాగానే కొట్టారు, వాళ్ళకు తేడా తెలియలేదు. ఫ్లూటు వాయించిన ఇద్దరూ మాత్రం ఆ రోజు మిఠాయి పొట్లం కూడా తీసుకోలేదు.

సులువైన ట్యూను అంటే చిన్నపిల్లల ట్యూను అని మనవాళ్ళకు ఒక చులకన ఉంది. ట్యూను సులువా కష్టమా అనేది వినేవాడి చెవిని బట్టి తేలదు, వాయించేవాడి వేళ్ళను బట్టి, ఊపిరిని బట్టి తేలుతుంది. మెట్లు ఎక్కినట్టు పక్క పక్క స్వరాల మీద నడిస్తే సులువు. అయిదారు స్వరాల్లో పని ముగిస్తే ఇంకా సులువు. మధ్యలో ఊపిరి తీసుకునే ఖాళీ ఉండాలి. నడకకు అందే వేగం ఉండాలి. ఈ నాలుగూ చూసుకుంటే చాలు. క్రిస్మస్ పాటల్నే తీసుకోండి. 'సైలెంట్ నైట్' 1818లో ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్ళో గిటారు తోడుగా మొదటిసారి పాడిన పాట. జోలపాటలా మెత్తగా ఉంటుంది, చర్చికి పోయే పిల్లలందరికీ వచ్చు. కానీ దాని స్వరాలు ఒక స్థాయి దాటి పైకి పోతాయి. చివర్లో ఆ పై స్వరం దగ్గర మన ప్లాస్టిక్ ఫ్లూటు కీచుమంటుంది. పాడటానికి సులువు, ఊదటానికి కష్టం. అదే 'జింగిల్ బెల్స్' పల్లవి షడ్జమం నుంచి పంచమం దాకా అయిదే స్వరాలతో అయిపోతుంది. ఆరో తరగతి పిల్లవాడు వారంలో పట్టేస్తాడు. (1857లో పియర్‌పాంట్ అనే అమెరికన్ అచ్చు వేయించిన ఆ పాటలో క్రిస్మస్ అన్న మాటే లేదు. మంచు మీద బండి షికారు పాట అది. అయినా పండుగ దాన్ని తనదిగా చేసుకుంది.) 'జాయ్ టు ద వరల్డ్' మొదటి వరుస పై షడ్జమం నుంచి కింది షడ్జమం దాకా ఒక్కొక్క మెట్టు దిగుతుంది. సరిగమలు తిరగేసి వాయించడం వచ్చినవాడికి సగం పాట వచ్చినట్టే.

బ్యూగిల్ సంగతి కూడా చెప్పాలి. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు బ్యూగిల్ మీద జాతీయగీతం వాయించమని ఒక పిల్లవాణ్ణి సతాయిస్తారు. అది రాదు. వాడికి రాక కాదు, బ్యూగిల్‌కే రాదు. దానికి మీటలు ఉండవు, రంధ్రాలు ఉండవు. పెదవుల బిగువుతో పలికేవి షడ్జమం, గాంధారం, పంచమం లాంటి కొన్ని స్వరాలే. మధ్యలో రిషభం లేదు, మధ్యమం లేదు. అందుకే పోలీసులైనా సైన్యమైనా దాన్ని పిలుపు ఊదడానికే వాడతారు. మన బ్యాండులో కూడా జెండా ఎగరేసే ముందు ఒక పిలుపు ఊదించి, ఆ పిల్లవాణ్ణి వదిలిపెట్టాలి.

జాతీయగీతం మన ఫ్లూట్లకు అందని ట్యూను కాదు. పూర్తిగా వాయిస్తే సుమారు 52 సెకన్లు. మన దగ్గర సాగదీసి నిమిషంన్నర చేస్తారు, అక్కడే ఊపిరి చాలదు. ఆ గీతానికి మన జిల్లాలతో బంధుత్వం కూడా ఉంది. 1919లో రవీంద్రుడు మదనపల్లె బీసెంట్ థియసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళు ఉన్నప్పుడు, ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి రాశారు. దాని ఇంగ్లీషు అనువాదం కూడా రవీంద్రులు అక్కడే చేశారు. కోటలో, దర్బారులో తయారైన బాణీ కాదు, కాలేజీ పిల్లల మధ్య కాగితం మీదికెక్కిన బాణీ. మన పిల్లలు దానికి భయపడాల్సిన పని లేదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. బ్యాండు మీద జాతీయగీతం వాయించేటప్పుడు దానికి ముందు డ్రమ్ము రోల్ ఉండాలని కేంద్ర హోంశాఖ ఉత్తర్వుల్లోనే ఉంది, గీతం మొదలవుతోందని జనానికి తెలియడానికి. నెమ్మది నడకలో ఏడు అడుగులు వేసేంత సేపు ఆ రోల్ సాగాలి. మెల్లగా మొదలై, బాగా పెరిగి, మళ్ళీ తగ్గాలి, ఏడో దెబ్బ దాకా వినపడుతూ ఉండాలి. ఆ తర్వాత ఒక దెబ్బ ఖాళీ. అప్పుడు గీతం. ఈ ఏడు అడుగుల పనికి స్వరజ్ఞానం అక్కర్లేదు, మణికట్టు చాలు. నాకు తెలిసిన ఏ హాస్టల్లోనూ దీన్ని పాటించడం లేదు. పాటిస్తే ఇంకో నలుగురు పిల్లలకు ఒక ముఖ్యమైన పని దొరుకుతుంది.

మిగతా రోజులకు ఏం వాయించాలి? పంద్రాగస్టుకు, జనవరి 26కు 'సారే జహాఁ సే అచ్ఛా' ఉండనే ఉంది. ఇక్బాల్ 1904లో రాసిన దానికి 1945లో రవిశంకర్ కట్టిన బాణీ అది. సైన్యం దాన్ని కవాతుకు వాడుతుందంటే నడకకు అంత బాగా ఒదుగుతుందనే కదా. నేతాజీ సైన్యం నడిచిన 'కదం కదం బఢాయే జా' కూడా అలాంటిదే. 'మా తెలుగు తల్లికి' మన పిల్లల చెవుల్లో ప్రేయరు నుంచే ఉంది, చెవిలో ఉన్నది వేళ్ళలోకి త్వరగా దిగుతుంది. హైదరాబాదులో, వరంగల్లులో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు తమ పిల్లలకు అందెశ్రీ గారి 'జయ జయహే తెలంగాణ' నేర్పించుకోవచ్చు. బడిలో చదువుకోని మనిషి రాసిన పాట 2024లో ఒక రాష్ట్రానికి అధికార గీతం అయింది. కానీ జూన్ 2 నాటికి బడులే తెరవరు, బ్యాండుకు ఆ రోజు దొరకదు. అది వేరే సంగతి.

ఏప్రిల్ 14 నాడు మన బ్యాండు ఏం వాయిస్తుంది? ఏమీ వాయించదు. పరీక్షలని సామాన్లు పైనే ఉంచేస్తారు. మైకులో క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి ఫోను వచ్చింది, అంతే తేడా. హిందీలో 'హమ్ హోంగే కామ్యాబ్' మనలో రానివాడు లేడు. అది ఇంగ్లీషులో 'వుయ్ షల్ ఓవర్‌కమ్'. 1945-46లో అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం, చార్ల్‌స్టన్‌లో సమ్మె చేసిన పొగాకు ఫ్యాక్టరీ కార్మికులు పాడుకున్న పాట, వాళ్ళలో నల్లజాతి ఆడవాళ్ళు ఎక్కువమంది. తర్వాత పౌరహక్కుల ఉద్యమం దాన్ని ఎత్తుకుంది. పొగాకు గ్రేడింగుకు పోయిన అమ్మలు, అమ్మమ్మలు మనలో ఎందరికి లేరు? నిదానంగా, పక్క పక్క మెట్ల మీద నడిచే బాణీ అది. బాబాసాహెబ్ జయంతికి ఇంతకన్నా తగిన ట్యూను నాకు కనబడలేదు. పరీక్షల మధ్య కూడా రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది డప్పు గురించి.

మన హాస్టల్లో ఎప్పుడు చూసినా డప్పు కొట్టగలిగిన పిల్లలు కనీసం ఆరేడుగురు ఉంటారు. నాన్న దగ్గరో మేనమామ దగ్గరో చూసి నేర్చుకున్నవాళ్ళు. సిర్ర, చిటికెన పుల్ల చేతికిస్తే పెళ్ళి దరువు, జాతర దరువు, చావు దరువు విడివిడిగా వినిపిస్తారు. సైడ్ డ్రమ్ము మీద సార్ నెలరోజులు నేర్పించే లయ వాళ్ళకు ఏడేళ్ళ వయసులోనే వచ్చేసి ఉంటుంది. డప్పు భుజానికి తగిలించుకుని అడుగు వేస్తూ, తిరుగుతూ, వంగుతూ వాయించేది, కవాతుకు పుట్టిన వాయిద్యం అంటే తప్పు కాదు. అయినా మన బ్యాండులో దానికి చోటు లేదు. నేను చదివిన ఒక చోట ఎనిమిదో తరగతి కుర్రవాడు ఊరి నుంచి డప్పు తెచ్చుకుంటానంటే, "అది ఇక్కడ కాదు, అక్కడికే" అన్నారు. అక్కడికి అంటే ఎక్కడికో అక్కడున్న అందరికీ అర్థమయింది. వాడు ఆ ఏడాది త్రికోణం కొట్టాడు. అదే, ట్రయాంగిల్. రెండు నిమిషాలకోసారి టింగుమనిపించే పని.

పెద్దవాళ్ళు దీనికి ఒక అభ్యంతరం చెప్తారు. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. "మేం ఆ డప్పు దించుకోవడానికి ఎంత కష్టపడ్డామో నీకేం తెలుసు, మళ్ళీ పిల్లల మెడకు తగిలిస్తావా" అని మా పెదనాన్నే అన్నాడు. ఆయన కోపం న్యాయమైనది. ఎవరింట్లో చావు జరిగినా పనులు మానుకుని పోవాలి, దూరంగా నిలబడి కొట్టాలి, ఇచ్చింది కొంగులో వేయించుకోవాలి. అది వెట్టి. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ గారు మనవాళ్ళకు చెప్పింది ఇలాంటి ఊరి చాకిరీ వదిలెయ్యమనే. కానీ వదలాల్సింది చాకిరీ. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం తనకు దండోరా అని పేరు పెట్టుకుని, అదే డప్పును సభలకు ముందు నడిపించింది. చావింటి ముందు కొట్టమంటే కొట్టిన చేతికీ, సభలో తన మాట వినమని కొట్టిన చేతికీ మధ్య ఎంత దూరముందో పెదనాన్నకు నాకన్నా బాగా తెలుసు. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఆ మాటా చెప్పాలి.

అందుకే నేననేది ఒక షరతు మీద. డప్పు బ్యాండులోకి రావాలి, కానీ ఎవరి పిల్లవాడు అని చూసి ఇవ్వకూడదు. "నీకు వచ్చు కదా, నువ్వు కొట్టు" అని ఒకణ్ణే నిలబెడితే మళ్ళీ పాత కథే. వచ్చినవాడు నేర్పాలి. అన్ని కులాల పిల్లలూ, ఎస్టీ, బీసీ తమ్ముళ్ళూ వంతులవారీగా నేర్చుకోవాలి. అప్పుడు ఆ వచ్చినవాడు గురువు అవుతాడు, ఆ స్థానం వాడికి మన హాస్టల్లో ఇంకెక్కడా దొరకదు. బాలికల హాస్టళ్ళలో చెల్లెళ్ళకు బెల్ లైరా ఇచ్చి అందంగా నిలబెట్టడం ఒక ఆచారం అయిపోయింది. వాళ్ళకూ డప్పు ఇవ్వాలి, పెద్ద డ్రమ్ము ఇవ్వాలి.

బ్యాండు ఇంగ్లీషువాళ్ళది, డప్పు అందులో ఇమడదు అనే సారూ ఉన్నారు. ముత్తుస్వామి దీక్షితులు వారు మద్రాసు దగ్గర ఉన్నప్పుడు కంపెనీ సైనికుల బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నోటు స్వరాలంటారు, సుమారు నలభై ఉన్నాయి. ఇంగ్లీషు రాజు స్తుతిగీతం బాణీ కూడా వాటిలో ఉంది. గమకాలు లేకుండా నేరుగా నడిచే స్వరాలు కాబట్టి ఈనాటికీ సంగీతం నేర్చుకునే చిన్నపిల్లలకు వాటిని నేర్పుతారు. బ్యాండు పాట పూజగదికి పోయినా తప్పు కానప్పుడు, మన గూడెం వాయిద్యం బ్యాండులోకి వస్తే తప్పెందుకవుతుంది? ఢిల్లీలోనే చూడండి. జనవరి 29 బీటింగ్ రిట్రీట్‌లో దశాబ్దాల తరబడి వాయించిన 'అబైడ్ విత్ మీ'ని 2022లో తీసేసి, 'ఏ మేరే వతన్ కే లోగో' పెట్టారు. ఆ మార్పు మంచిదా కాదా అన్నది ఎవరి అభిప్రాయం వారిది (గాంధీజీకి ఇష్టమైన కీర్తన అది, నాకైతే తీసేసినందుకు బాధగానే ఉంది). కానీ పండుగ సంగీతం శిలాశాసనం కాదని తేలింది కదా.

పోటీల మాట. రిపబ్లిక్ డే సందర్భంగా రక్షణ శాఖ, విద్యాశాఖ కలిసి జాతీయ స్థాయి స్కూలు బ్యాండు పోటీలు పెడుతున్నాయి. బ్రాస్ బ్యాండు, పైపు బ్యాండు, బాలురకూ బాలికలకూ విడివిడిగా. ఇత్తడి వాయిద్యాల సెట్టు కొనగలిగిన బడికి అది మంచి అవకాశం, మన గురుకులాల్లో ఎవరైనా పోతే సంతోషం. మన హాస్టల్‌కు ఉన్నవి రెండు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, తాళాలు, బ్యూగిలు, కొన్ని ఫ్లూట్లు, మూడు పలకలు ఊడిన బెల్ లైరా. ఈ సామానుతో ఆ పోటీని కలగంటూ పన్నెండు మందిని రుద్దడం కన్నా, నలభై మంది కలిసి ఒక అయిదు స్వరాల ట్యూను తప్పులేకుండా వాయిస్తే విన్నవాళ్ళకూ అదే గొప్పగా ఉంటుంది. మన పిల్లలు కష్టమైనవి వాయించలేరని నేనడం లేదు. వాయించగలరు, రెండేళ్ళు చేతిలో వాయిద్యం ఉంచితే. పదిహేను రోజులు ఉంచి లాక్కుంటే ఎవరూ వాయించలేరు.

ఆచరణలో కొన్ని చిక్కులున్నాయి. ఆగస్టు వానల్లో తోలు డప్పు మెత్తబడిపోతుంది, మంట మీద కాచుకోవాలి, హాస్టల్ ఆవరణలో మంటకు వార్డెన్ సార్ ఒప్పుకోకపోవచ్చు. బోల్టులు బిగించుకునే ఫైబరు డప్పులు ఇప్పుడు దొరుకుతున్నాయి. నాదం తోలంత బాగుండదు, కానీ వానకు తట్టుకుంటుంది. పంద్రాగస్టుకు ఫైబరు, జనవరికి తోలు అనుకోవచ్చు. రెండోది, పదో తరగతి వాళ్ళు వెళ్ళిపోవడంతో ప్రతి ఏడాదీ వచ్చిన ట్యూను కూడా వెళ్ళిపోతోంది. తొమ్మిదిలో ఉన్నవాడు ఏడులో ఉన్నవాడికి డిసెంబరులోపు నేర్పించాలన్న నియమం పెట్టుకోవాలి. మూడోది, పీఈటీ సార్‌కు స్వరాలు రాకపోతే ఆయన్ను నిందించి లాభం లేదు. స్వరాలు స రి గ మ లలో కాగితం మీద రాసి ఉంటే, పాట వచ్చినవాడెవడైనా నేర్పగలడు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి మీరిచ్చే షీల్డులు, మెమెంటోలు అద్దాల బీరువాలో నిండిపోయాయి. ఈసారి డ్రమ్ము పొరలు రెండు, డప్పులు నాలుగు, ఒక డజను ఫ్లూట్లు ఇప్పించండి. మీ పేరు వాటి మీద రాయించుకున్నా మాకు అభ్యంతరం లేదు.

పైన చెప్పిన వాటిలో నాలుగు ట్యూన్లకు స్వరాలు, డప్పు దరువు ఎక్కడ కలవాలో గుర్తులతో సహా, ఒక నోటుబుక్కులో రాసి హాస్టల్ లైబ్రరీలో ఇచ్చాను. నా దస్తూరి అంత బాగుండదు. డ్రాయింగు వచ్చిన తమ్ముళ్ళెవరైనా వాటిని చార్టు మీద పెద్ద అక్షరాల్లో దించి డైనింగ్ హాలు గోడకు అంటిస్తే, జూన్‌లో కొత్తగా చేరే పిల్లలు ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డప్పుడైనా చదువుకుంటారు.